ఇంటిపేరు - వంశము

మన పల్లెలలో క్రొత్తమనిషి వచ్చి అరుగుమీద కూర్చుండినచో, మంచినీళ్ళు అందించిన పిమ్మట పెద్దలు వేయు మొదటి ప్రశ్న "మీ ఇంటిపేరేమి?" అనునది. వచ్చినవాని సొంతపేరు తరువాత అడుగుదురు. ఒక్కొక్కప్పుడు అడుగుటయే మరచిపోవుదురు. ఇంటిపేరు తెలిసినచో చాలు. ఏ ఊరివాడో, ఎవరికి చుట్టమో, ఆ ఇంటికి పిల్లనియ్యవచ్చునో కూడదో అంతయు తెలిసినట్లే వారు తలయూపుదురు. ఇంటిపేరు ఒక్కటియైనచో ఇరువురును అన్నదమ్ములు, వారి నడుమ పెండ్లిమాట యెత్తరాదు. ఇది మనకు శాసనము వ్రాయని శాసనము.

ఈ నమ్మకము క్రింద ఒక ఊహ దాగియున్నది. ఒక ఇంటిపేరు గలవారందరు ఒక మూలపురుషుని సంతానమనియు, పేరు వెంట రక్తము ప్రవహించుచున్నదనియు ఆ ఊహ. అది ఎంతవరకు నిజమో విచారించుట నేటి ప్రసంగమునకు విషయము. దీనికై దూరదేశములకు పోవలసిన పని లేదు. మునగాల చుట్టుప్రక్కల గ్రామములే కావలసినన్ని సాక్ష్యములు చూపగలవు.

మునగాల పరగణా చరిత్రలో ఒక వింత కలదు. నాలుగువైపుల నిజాము రాజ్యము, నడుమ బ్రిటిషువారి కృష్ణాజిల్లాకు చెందిన ఈ తునక. 1959లో నల్లగొండజిల్లాలో చేరి, 2016లో సూర్యాపేట జిల్లాలోనికి వచ్చినది. ఈ చిన్న జమీందారీకి ప్రభువైన రాజా నాయని వెంకటరంగారావు గారును, దివానైన కొమర్రాజు వెంకటలక్ష్మణరావు గారును, వారి మిత్రులును కలిసి 1901లో హైదరాబాదున శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయమును, 1906లో విజ్ఞానచంద్రికా మండలిని నెలకొల్పిరి. వారి సేవ అందరికిని తెలిసినదే. నేను ఇప్పుడు వారి ఇంటిపేర్లను మాత్రమే వరుసగా పేర్కొందును: నాయని, కొమర్రాజు, రావిచెట్టు, గాడిచర్ల, అయ్యదేవర. ఒక్క సభలో కూర్చుండిన ఐదుగురి పేర్లలో తెలుగు ఇంటిపేర్ల పుట్టుక చాలవరకు కనబడుచున్నది.

నాయని యనునది పదవి. నాయకుడు అను మాటనుండి నాయుడు వచ్చినది. వంశావళులందు పెద్దలను "నాయనింగారు" అని పేర్కొనుట కలదు. కొమర్రాజు అనగా కొమరరాజు. ఎప్పటివాడో ఒక తాత పేరు ఇంటికంతటికి నిలిచినది. అయ్యదేవర కూడ అట్టిదే. రావిచెట్టు అర్థము చెప్పనక్కరలేదు. ఏ ఇంటిముందరి రావిచెట్టో ఆ ఇంటివారికి గురుతైనది. గాడిచర్ల ఊరిపేరు. చివరనున్న "చర్ల" చెరువునకు సంబంధించిన మాటయని భాషావేత్తలు చెప్పుదురు. చెరువు త్రవ్వినచోట ఊరు, ఊరు విడిచినచోట ఇంటిపేరు.

మారుపేరు ఇంటిపేరగుట మరియొక తెరువు. మునగాల రాజుగారి నడిగూడెమున ప్రత్తి వంగడములపై పరిశోధన సాగించిన పింగళి వెంకయ్య గారిని జనులు "పత్తి వెంకయ్య" అని పిలిచిరి. పదునైదవ శతాబ్దిలో పుట్టియుండినచో ఆయన మనుమలు బహుశః "పత్తివారు" అయియుందురు. ఇరువదవ శతాబ్దిలో కచేరీ కాగితములు అడ్డుపడుటచేత పింగళివారుగనే నిలిచిరి.

అన్నిటికంటె ఎక్కువ ఇంటిపేర్లు ఊళ్ళనుండియే వచ్చినవి. ఇందు మన వ్యాకరణము చేసిన చమత్కారమొకటి కలదు. ఇల్లు అను మాట "ఇంటి" యైనట్లే కొండవీడు "కొండవీటి" యగును, మాడపాడు "మాడపాటి" యగును, చిలుకూరు "చిలుకూరి" యగును. ఫలానా ఊరి యొక్క వాడు అని దాని భావము. కాని చిలుకూరులో ఉన్నవానిని చిలుకూరివాడని ఎవరు పిలుతురు? అందరును అక్కడివారేగదా! ఆ ఊరు విడిచి వేరొక ఊరు చేరినప్పుడే ఆ పేరు అంటుకొనును. కావున ఊరిపేరు ఇంటిపేరుగా గలవాడు తన పూర్వులు ఎక్కడ ఉండిరో చెప్పుచున్నాడు. అంతకంటె ముఖ్యముగా, ఎక్కడినుండి లేచిపోయిరో చెప్పుచున్నాడు. కరవో, యుద్ధమో, అప్పో, అగ్రహారదానమో ఆ వలసకు కారణమై యుండును. ఇంటిపేరు కారణమును దాచి ఊరిని మాత్రము మిగిల్చినది.

ఇక్కడ తొందరపాటు పనికిరాదు. కోదాడ ప్రక్కన ఒక చిలుకూరు కలదు. హైదరాబాదు చేరువను బాలాజీ వెలసిన చిలుకూరు మరియొకటి కలదు. విజ్ఞానచంద్రికా మండలి 1910లో ప్రకటించిన "ఆంధ్రుల చరిత్రము" గ్రంథకర్త చిలుకూరి వీరభద్రరావు గారు పుట్టినదేమో పశ్చిమగోదావరి జిల్లాలోని రేలంగి. 2024లో అమెరికా ఎన్నికల పుణ్యమా అని చిలుకూరి యను పేరు ప్రపంచ పత్రికలకెక్కినది. ఆ దేశపు ఉపాధ్యక్షుని భార్య ఉష గారి పుట్టినింటి పేరది. ఈ చిలుకూరివారందరును ఒక్క గడపనుండి బయలుదేరిరనుటకు పేరొక్కటియే ఆధారము కాజాలదు. ఒకేపేరుగల రెండూళ్ళు రెండు కుటుంబములకు ఒకే ఇంటిపేరు నీయగలవు. ఒక్క ఊరినుండి వెడలిన బ్రాహ్మణునికిని, సాలెకును, కాపునకును అదే పేరు రాగలదు. ఒక ఇంటిపేరు మూడు నాలుగు కులములలో కనబడుటకు కారణమిదియే. ఇందులో వింతయు లేదు, కలహమాడవలసినదియు లేదు.

రేచర్లవారి కథ ఈ సందర్భమున విశేషముగా చెప్పదగినది. సూర్యాపేటకు కూతవేటు దూరమున పిల్లలమర్రి గలదు. కాకతీయుల కాలమున అక్కడ రేచర్ల రెడ్లు సామంతులుగ ఉండి, నల్లరాతి స్తంభములతో శివాలయములు కట్టించిరి. ఆ వంశమువాడే గణపతిదేవుని సేనాని రేచర్ల రుద్రుడు. 1213లో ఆయన పాలంపేటయందు కట్టించిన రామప్ప గుడిని 2021లో యునెస్కోవారు ప్రపంచ వారసత్వస్థలముగ గుర్తించిరి. కాకతీయుల పిమ్మట రాచకొండ, దేవరకొండలనేలిన పద్మనాయక ప్రభువులును రేచర్లవారే. వారు వెలమలు, వీరు రెడ్లు. రెండు వంశములును ఒక్క కొమ్మయేనా కావా యని చరిత్రకారులు చాలకాలముగ వాదించుకొనుచున్నారు.

వెలమ ప్రభువుల వంశకథ "వెలుగోటివారి వంశావళి"లో ఉన్నది. దానిని నేలటూరి వేంకటరమణయ్య గారు పరిష్కరింపగా 1939లో మద్రాసు విశ్వవిద్యాలయమువారు ప్రకటించిరి. అందలి కథను నామాటలలో చెప్పెదను. మిర్యాలగూడ ప్రాంతపు ఆమనగల్లులో చెవ్విరెడ్డి యను కాపు ఉండెను. పొలమున అతనికి నిధి కనబడినది. దానిని కాచుచున్న బేతాళుడు నరబలి కోరెను. అప్పుడు చెవ్విరెడ్డి పాలేరు, మాలకులమున పుట్టిన రేచడు, తన ప్రాణమిచ్చుటకు సిద్ధపడెను. అతడు అడిగినవి రెండే. ఏలిక వంశము తన పేరుతో ప్రసిద్ధి చెందవలెను. ఆ వంశమున శుభకార్యము జరుగునప్పుడు ముందుగ తనవారి ఇంట పెండ్లి జరుగవలెను. ఏలిక మాటయిచ్చెను. నాటినుండి వారు రేచర్లవారైరి.

రేచర్ల యను మాట చివరను గూడ ఆ "చర్ల" యుండుటచేత అది ఊరిపేరు కావచ్చునని పండితులనవచ్చును. నేనును ఆ పక్షమునకే మొగ్గుదును. కాని ఈ కథను ఎవరు చెప్పుకొనిరో గమనింపుడు. రాజ్యములేలిన ప్రభువులు, వందిమాగధులచే సూర్యచంద్రులనుండి వంశవృక్షమును వ్రాయించుకొనగలవారు, మా పేరు మా పాలేరు పెట్టినదని తమ వంశావళిలో నిలుపుకొనిరి. ఆ కథ ప్రకారము రేచనికిని రేచర్ల ప్రభువులకును రక్తసంబంధము లేదు. పేరు మాత్రము అతనిది. ఇంటిపేరు రక్తమును కాక ఋణమును మోయవచ్చునని మన పూర్వులకు తెలియును.

పేరు పుట్టుకను గూర్చిన తర్కము నేటిది కాదు. గణపతిదేవుని సోదరి మైలాంబ వేయించిన బయ్యారము చెరువు శాసనమున కాకతీయులకు ఆ పేరేల వచ్చెనో చెప్పబడినది. వారి పూర్వుడు వెన్ననృపుడు కాకతి యను పురమున ఉండెను గనుక అతని వంశమువారు కాకతీశులైరట. కాకతి యను దేవతను కొలుచుటచేత వచ్చినదని వేరొక మతము. పదమూడవ శతాబ్దిలో ఏలుచున్న కుటుంబపు పేరుకే రెండు వ్యుత్పత్తులున్నప్పుడు, మన ఇంటిపేరునకు తాతగారు చెప్పిన కథ ఒకటి, మామగారు చెప్పిన కథ మరియొకటి అగుటలో ఆశ్చర్యమేమున్నది?

చెవికి ఇంపైన వ్యుత్పత్తిని మాత్రము వెంటనే నమ్మరాదు. హైదరాబాదులో మూసారాంబాగు కలదు. నిజాము కొలువున సేనానియై 1798లో మరణించిన రేమాన్ అను ఫ్రెంచివాని పేరది. ముస్లింలు అతనిని మూసారహీం అనిరి, హిందువులు మూసారాం అనిరి. ఆ ఫ్రెంచి ఇంటిపేరులోనికి రాముడును రహీమును చక్కగ ప్రవేశించిరి!

ఆ ఫ్రెంచివారి ఇంటిపేర్లును మనవానివంటివే. ద్యుపోఁ అనగా వంతెనవాడు, ద్యుబ్వా అనగా అడవివాడు, లెఫేవ్ర్ అనగా కమ్మరి. ఆ దేశమున అన్నిటికంటె ఎక్కువగ వినబడు మార్తేఁ అను ఇంటిపేరు ఒక మహర్షివంటి పుణ్యపురుషుని పేరు. లక్షలమంది మార్తేఁలు ఒక్క తాత బిడ్డలు కారు. మనకును వారికిని భేదము చట్టములో ఉన్నది. 1539లో వారి రాజు చర్చీలలో జన్మపట్టికలు పెట్టించెను. 1794లో విప్లవ ప్రభుత్వము, పుట్టుకనాడు వ్రాసిన పేరు తప్ప వేరు పేరు ఎవడును ధరింపరాదని శాసించెను. దానికి కొంచెము ముందే ఆ విప్లవకారులు పదునారవ లూయీని విచారించుచు "లూయీ కాపే" అని పిలువగా, కాపే తన పేరు కాదనియు తన పూర్వులలో ఒకని పేరనియు ఆయన అడ్డుచెప్పెను. ప్రాణము పోవు సమయమున గూడ ఇంటిపేరు తప్పు పలుకుట ఆ రాజునకు సహింపలేదు. ఆయన వంశపు బూర్బోఁ అను పేరు గూడ ఒక ఊరిపేరే.

ఇప్పుడు విజ్ఞానశాస్త్రము ఏమి చెప్పుచున్నదో చూతము. మన శరీరకణములలో 23 జతల క్రోమోజోములు గలవు. అందు వై క్రోమోజోము తండ్రినుండి కొడుకునకు, అతనినుండి అతని కొడుకునకు, దాదాపు మార్పులేక సంక్రమించును. కూతురికి రాదు. మన ఇంటిపేరు నడచు త్రోవయు సరిగా ఇదియే. కావున ఒకే ఇంటిపేరు గల మగవారి వై క్రోమోజోములను పోల్చినచో ఆ పేరు ఒక్కనితో మొదలైనదో కాదో తెలియవచ్చును. బ్రయన్ సైక్స్ అను ఆంగ్ల శాస్త్రజ్ఞుడు 2000వ సంవత్సరమున తన ఇంటిపేరుగల 48 మందిని పరీక్షించి చూచెను. అందు దాదాపు సగముమందికి ఒకే గురుతు కనబడినది. తక్కిన సగముమందికి వేరు వేరు గురుతులు. సగము నిజము, సగము కాదు అన్నమాట.

రాజుల విషయమును అంతే. 1485లో యుద్ధమున కూలిన ఇంగ్లండు రాజు మూడవ రిచర్డు ఎముకలు 2012లో లెస్టరు పట్టణమున బండ్లు నిలుపు స్థలము క్రింద దొరకినవి. ఆ రాజవంశపు మగసంతతియని గ్రంథములలో ఎక్కిన ఐదుగురి వై క్రోమోజోములతో పోల్చగా, ఒక్కనికిని రాజుతో సరిపడలేదు. ఆ ఐదుగురిలో ఒకడు తక్కిన నలుగురితో గూడ కలియలేదు. బూర్బోఁ వంశపు ముగ్గురు మగవారిని పరీక్షించి 2013లో ఫలితములు ప్రకటించిరి. ఆ ముగ్గురును ఒకరితోనొకరు కలిసిరి. లూయీదని చెప్పి దాచియుంచిన రక్తపుమరక మాత్రము వారితో కలియలేదు. కుటుంబము నిలిచినది, స్మారకచిహ్నము శంకలో పడినది!

మన దేశమున ఇట్టి తేడాలకు లోకులందరెరిగిన గౌరవమైన కారణములే చాలగలవు. దత్తుడు కన్నతండ్రి వై క్రోమోజోముతో వచ్చి పెంచినతండ్రి ఇంటిపేరును, గోత్రమును స్వీకరించును. సంస్థానములలో దత్తత ఎంత తరచుగ జరిగెనో చెప్పనక్కరలేదు. ఇల్లరికపు అల్లుని బిడ్డలు తాతగారి ఆస్తితోపాటు ఆ ఇంటి పేరును తెచ్చుకొనుటయు కలదు. ఒక్క దత్తత చాలును, పేరును రక్తమును చెరియొక త్రోవ పట్టుటకు. ఆ కుటుంబము కుటుంబము కాకపోవునా?

మరియొక లెక్క చూడుడు. మనకు తల్లిదండ్రులిద్దరు, తాతలు అవ్వలు నలుగురు, ముత్తాతలు ముత్తవ్వలు ఎనమండుగురు. ఇట్లు పదితరములు వెనుకకు పోయినచో 1,024 స్థానములు వచ్చును. ఇంటిపేరు ఆ 1,024లో ఒక్కనిని గూర్చి మాత్రమే చెప్పుచున్నది. తక్కిన 1,023 మందిని గూర్చి అది మూగ.

పెండ్లిండ్ల విషయమున ఈ లెక్క అక్కరకు వచ్చును. ఇంటిపేరు వేరు, గోత్రము వేరు, కనుక రక్తము దూరమని మనమందుము. మేనమామ కూతురి ఇంటిపేరు మనది కాదు. అయినను ఆమెకును మనకును తాత అవ్వ ఇద్దరు ఉమ్మడివారు. ఒకే లోపము రెండువైపులనుండి వచ్చి బిడ్డలో కలిసినచో కొన్ని వ్యాధులు బయటపడును. ఇంటిపేరు నియమము తండ్రివైపు ద్వారమును మూసినది, తల్లివైపు ద్వారమును తెరచియే ఉంచినది.

ఒక కుటుంబముననే కాదు, ఒక కులమంతట గూడ ఇట్లు జరుగవచ్చును. హైదరాబాదులోని కణజీవశాస్త్ర కేంద్రమున లాల్జీ సింగ్, తంగరాజ్ గార్లు అమెరికా శాస్త్రజ్ఞుడు డేవిడ్ రైక్ మొదలగువారితో కలిసి, 25 సమూహములకు చెందిన 132 మందిని పరిశీలించి 2009లో ఒక వ్యాసము ప్రకటించిరి. 2013లో వెలువడిన మరియొక పరిశోధన ప్రకారము సుమారు 4,200 ఏండ్లనుండి 1,900 ఏండ్ల క్రిందటివరకు ఈ దేశపు జనసమూహములు ఒకదానితో నొకటి విరివిగ కలిసినవి. ఆ పిమ్మట ఎవరి వలయములో వారు పెండ్లాడుట స్థిరపడినది. అనగా మనలో ఏ కులమువారికైనను మూలమున మిశ్రమము తప్పలేదు. శుద్ధరక్తమను మాటకు శాస్త్రమున చోటులేదు.

ఆ వలయము ఎంత గట్టిదో తెలుపుటకు శాస్త్రజ్ఞులు తరచుగ చూపు ఉదాహరణము మన తెలుగు వైశ్యులది. వారు 102 గోత్రములు చెప్పుకొని, సగోత్రమున పెండ్లి చేయరు. అయినను సమూహము మొత్తముగ రెండు, మూడువేల ఏండ్లుగ బయటివారితో అరుదుగ కలియుటచేత, తొలి కొలదిమందిలో ఉండిన ఒక లోపము వారిలో కొందరియందు నేటికిని కనబడుచున్నది. నిత్యజీవితమున దానివలన ఏ బాధయు లేదు. శస్త్రచికిత్సకు ముందు కండరములను సడలించుటకిచ్చు సక్సినైల్‌కోలిన్ అను మందును విరిచివేయవలసిన రసాయనము వారి రక్తమున కొరవడును. తక్కినవారికి కొద్ది నిమిషములలో పోవు ఆ మందు వీరిలో గంటలకొలది నిలిచి ఊపిరిని ఆపివేయును. సంగతి ముందుగ తెలిసిన వైద్యుడు వేరు మందు వాడును, ప్రమాదము తప్పును. వైశ్యులనే పేర్కొంటినని ఎవరును నొచ్చుకొనవలదు. 2017లో 260కి పైగా సమూహములను పరిశీలింపగా 81 సమూహములలో ఇట్టి బిగువైన వలయములే కనబడినవి. అందు అన్ని అంతస్తులవారును ఉన్నారు. మీ తల్లివైపునగాని తండ్రివైపునగాని ఎవరికైనను మత్తుమందు వికటించినదను మాట ఇంటిలో వినియున్నచో, శస్త్రచికిత్స గదిలో అడుగుపెట్టకముందే వైద్యునికి చెప్పుడు.

ఇంటిపేరు పోగొట్టుకొన్నవారు గూడ కలరు. 1860నుండి కూలిపనికై నేటాలునకు పోయిన తెలుగువారి పేర్లను ఓడపట్టికలో వ్రాసిన గుమాస్తాలు సొంతపేరు, తండ్రిపేరు, కులము, గ్రామము వ్రాసికొనిరి. ఇంటిపేరు వారికి పట్టలేదు. తరువాతి తరములకు తాత పేరో, నాయుడను బిరుదమో ఇంటిపేరుగ స్థిరపడినది. మారిషసులోను ఇట్లే జరిగినది. ఫ్రెంచివారేలిన పుదుచ్చేరిలో 1881 శాసనము ప్రకారము స్వదేశపు వ్యక్తిధర్మమును విడిచి ఫ్రెంచి చట్టమునకు లోబడినవారు క్రొత్తగ ఇంటిపేరు ఎంచుకొనవలసి వచ్చెను. కొందరు ఫ్రెంచి పేర్లనే పెట్టుకొనిరి. నాలుగు తరముల తరువాత ఆ పేరు చూచి పూర్వులను ఫ్రాన్సులో వెదకువాడు ఎంత తిరిగినను వ్యర్థమే. డర్బనునుండి పూర్వుల ఊరు వెదకుచు వచ్చువారికి పేరు దారిచూపదు, ఓడపట్టికలోని గ్రామమే దారిచూపును.

ఇక స్త్రీలమాట. కొమర్రాజువారి ఆడపడుచు అచ్చమాంబ భండారు వారింటి కోడలై, భండారు అచ్చమాంబగా తెలుగు సాహిత్యమున నిలిచినది. "అబలా సచ్చరిత్ర రత్నమాల" రచించి, 1905లో చిన్నవయసుననే మరణించిన ఈమె లక్ష్మణరావు గారికి అక్కగారు. ఇద్దరిదియు ఒక్క రక్తమే, పేర్లు మాత్రము రెండు. తల్లినుండి బిడ్డలకు వచ్చునది వేరొకటి గలదు. కణములోని మైటోకాండ్రియా యను భాగములోని డి.ఎన్.ఏ. తల్లి ద్వారమున మాత్రమే సాగును. కూతురు, కూతురి కూతురు, ఆమె కూతురు - ఈ వరుసకు మన తెలుగువారిలో గాని ఐరోపాలో గాని సామాన్యముగ ఇంటిపేరు లేదు. ప్రతి తరమునను పేరు మారుచుండును. రిచర్డు రాజు ఎముకలను గుర్తించినది ఈ పేరులేని వరుసయే. ఆయన సోదరి ఆడసంతతిలో బ్రతికియున్న ఇరువురి డి.ఎన్.ఏ. ఆ ఎముకలతో సరిపోయినది.

మన పెండ్లి లగ్నపత్రికలలో తండ్రి, తాత, ముత్తాతల పేర్లు వ్రాయుదురు. దాని ప్రక్కనే తల్లి పుట్టినింటి పేరు, అమ్మమ్మ పుట్టినింటి పేరు, నాయనమ్మ పుట్టినింటి పేరు ఒక కాగితమున వ్రాసి పెట్టుకొనుట కష్టము కాదు. ఇంటిలో వృద్ధురాలుండగనే అడిగి వ్రాసికొనవలెను. ఆమెకు మూడు నాలుగు తరములు నోటనుండును.

పిల్లలమర్రికి పోయినవారు అక్కడి గుడులలో ఒకదానిని ఎఱకేశ్వరాలయమందురు. 1208లో దానిని కట్టించినది బేతిరెడ్డి భార్య ఎఱకసాని. ఆమె దేవునికి మగని పేరు గాని, రేచర్లయను ఇంటిపేరు గాని పెట్టలేదు. తన పేరే పెట్టినది.